నీ ఎర్ర చేప ఎందుకు చచ్చిపోయిందంటే

ధర్మవరం,
ఆదివారం.

ప్రమోదకు,

అన్న దీవెనలు. ఇక్కడ అమ్మ, నేను బాగున్నాం. హాస్టల్లో నువ్వూ బాగా తింటూ, బాగా చదువుతున్నావని అనుకుంటున్నాను. అందరమూ క్షేమం అని మాత్రం ఈసారి రాయలేను. నీ ఎర్ర చేప చచ్చిపోయింది. నల్లది బతికే ఉంది. ముందు ఏడ్చెయ్, తర్వాత చదువు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. నీ సైకిల్ ఎవరికీ ఇవ్వలేదు. పట్టునూలుకు రంగులద్దే పని బాగానే సాగుతోంది. ఈ వారమంతా వంకాయ రంగు, నా గోళ్ళు చూస్తే జడుసుకుంటావు. "దసరా సెలవుల దాకా నా చేపలు జాగ్రత్త" అని రాశావే, ఆ ఉత్తరం అందిన రోజే ఎర్రది పైకి తేలి, నోరు తెరిచి గాలి మింగుతోంది. మర్నాడు పొద్దునకు పోయింది. నీ రెండుత్తరాలకు జవాబు రాయనిది అందుకే.

నా కోపం నీకు తెలుసు. చచ్చిన చేపను కవర్లో వేసుకుని హిందూపురం బస్సెక్కాను. పక్కసీటావిడ ముక్కు మూసుకుని, "ఏందప్పా అది, కూరకా?" అంది. "కొట్లాటకు" అన్నాను. లేచి వేరే సీటుకు పోయింది. పెనుకొండలో బస్సు ఆగినప్పుడు దిగి, మీ హాస్టల్‌కొచ్చి నీకు చెబుదామనుకున్నాను. ధైర్యం చాలలేదు.

చేపలమ్మిన సంజీవప్ప ముందు కవరు విసిరి, "రోగం చేపను అంటగడతావా?" అని అరిచాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"నీళ్ళెట్ల మారుస్తాండావప్పా?"

"ప్రతి ఆదివారం మొత్తం పారబోస్తా. తొట్టి, రాళ్ళు, ఫిల్టర్ స్పాంజి, అన్నీ కుళాయి కింద పెట్టి తేటనీళ్ళు వచ్చేదాకా కడుగుతా. రంగులపనోణ్ణి నేను. కడిగేది నాకు నేర్పొద్దు."

"అయితే నువ్వే చంపినావు పో. స్పాంజిలో జిగట ఉండాది చూడు, అది మురికి కాదబ్బా. కంటికి కనపడని క్రిములు. చేప వదిలే విషాన్ని తినేది అవే. కుళాయినీళ్ళలో బ్లీచింగ్ ఉంటాది. వారంవారం నువ్వు వాటిని చంపి, చేపను దాని విషంలోనే వదుల్తాండావు."

"నీళ్ళు అద్దం మాదిరి ఉన్నాయి కదా!"

"విషానికి రంగుంటాదా?"

నేను నమ్మలేదు. నీళ్ళు పరీక్షించే మందు ఆయన దగ్గరే తీసుకుని ఇంటికొచ్చాను. నీళ్ళల్లో విషం లేకుంటే, చుక్కలు వేస్తే పసుపు రావాలి. మన తొట్టినీళ్ళకు ముదురు ఆకుపచ్చ వచ్చింది. రోజంతా రంగులు సరిచూసే పని నాది. నిమ్మపండుకూ గన్నేరాకుకూ తేడా నాకెవరు చెప్పాలి? సంజీవప్ప చెప్పిందే నిజం.

అప్పటినుంచి రోజూ పావువంతు నీళ్ళే మార్చాను, అవీ బ్లీచింగ్ పోవడానికి ఒకరోజు బకెట్లో నిలవబెట్టి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి ముంచుతాను, అంతే. మేత చిటికెడు. ఆరువారాలకు, నిన్న, అచ్చమైన పసుపు వచ్చింది! తొట్టి ముందు గంతులేశాను. "ఏమిరా, పెండ్లి కుదిరిందా?" అంది అమ్మ.

ఇంకొకటి దాచాను. ఎర్రది పోయిన పొద్దున అమ్మ మీద పడ్డాను. "నువ్వే బొరుగులేసి చంపినావు" అని వీధంతా వినేటట్టు అరిచాను. ఆమె ఆ రోజునుంచి తొట్టి పక్కకు పోలేదు. నిజం తెలిశాక కూడా నేను నోరు విప్పలేదు. చేపను తెలియక చంపాను. ఇది మాత్రం తెలిసి చేశాను. నిన్న గంతులు ఆపి చెప్పేశాను.

అమ్మ నాకొక మొట్టికాయ వేసింది. "కోపం గూడా అట్లే మార్చుకో నాయనా, పావువంతు పావువంతు. అంతా ఒకేసారి కుమ్మరిస్తే ఇంట్లో మేము బతకొద్దా?" అంది. నాకు నవ్వాగలేదు. ఆమెకు అసలే ఆగలేదు.

ఈ పొద్దు మేత ఆమే వేసింది. నల్లది నేరుగా ఆమె వేలి దగ్గరకొచ్చింది. ఆరువారాలు చాకిరీ చేసిన నన్ను చూసి రాయి వెనక్కి పోయింది. బుద్ధున్న చేప.

దానికి తోడు తేవాలా వద్దా, నువ్వే రాయి. చేపలు నీవి. ఇంకొకటి నాకప్పగించొచ్చో లేదో చెప్పాల్సింది నువ్వే. నువ్వు సరేననేదాకా సంజీవప్ప అంగడి మెట్టెక్కను. తిట్టేదుంటే పేజీ నిండా తిట్టు, అమ్మకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ చేపను చంపి, ఇంకోదాన్ని బతికించిన
అన్న జయచంద్ర