నా పేరు మీది దుప్పి

మిషిగన్ ఉత్తరపు అడవుల నుంచి,
నవంబరు 27, 1961

నా రెయిస్కా,

అమ్మ దీవెనలు. ఇక్కడ పొయ్యి మండుతోంది, పైకప్పు నిలబడే ఉంది, అంతవరకు నేనూ నీ చెల్లెలు ఎల్మా క్షేమం. నీ క్షేమం నీ నోట విని పదేళ్ళు దాటింది కాబట్టి దాన్ని దేవుడికే వదిలేశాను.

నాన్న పోయాడని ఎల్మా తంతి ఇచ్చింది. నువ్వు రాలేదు. నేను తప్పు పట్టలేదు, ఊరు పట్టింది. సమాధి దగ్గరే మన పక్కింటి ఐలి కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, "అన్నను కాల్చినవాడు తండ్రిని పూడ్చడానికి ఏ మొహం పెట్టుకుని వస్తాడులే సైమా" అంది. "ముందు కాఫీ తాగవే, చల్లారిపోతుంది" అన్నాను.

పదిహేనో తారీకున వేట మొదలైంది. తెల్లారేసరికి అడవంతా తుపాకుల మోత. మన కొట్టంలో దుప్పిని వేలాడదీసే దూలం మాత్రం ఖాళీ. నీకు తెలుసుగా, గని మూతపడ్డాక మన ఇంట్లో ఒక దుప్పి అంటే జనవరి గడవడం, రెండో దుప్పి అంటే మార్చి గడవడం. ఎల్మా బూట్లు తొడుక్కుని, "నేను వెళ్తానమ్మా, నాన్న తుపాకీ ఉందిగా" అంది. "దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను" అన్నాను. బిత్తరపోయింది. బూట్లు విప్పి పడేసి, "అయితే చలికాలమంతా బంగాళాదుంపలు నములుతూ కూర్చుందామా, పందుల్లాగా" అంది. అచ్చం మీ అన్న ఆర్వో నోరే దానికి.

సాయంత్రం ఐలి మొగుడు దుప్పి తొడ ఒకటి తెచ్చి గుమ్మంలో పెట్టి, "వండుకోండి, నేనిచ్చానని ఎవరికీ చెప్పన్లే" అన్నాడు. మర్నాడు చర్చిలో అందరికీ తెలుసు.

ఆర్వో ఉంటే ఈ నెలకు ముప్ఫై నిండేవి. వాణ్ణి చివరిసారి మన ఆవిరి స్నానాల గదిలోనే కడిగాను, మీరు ముగ్గురూ పుట్టిన గదిలోనే. నీళ్ళు తోడి ఇచ్చింది నువ్వే. నువ్వు మూట కట్టుకుని బస్సెక్కిన రోజు నాన్న కొట్టంలోంచి బయటికి రాలేదు. నేను గేటు దాకా వచ్చి కూడా ఏమీ చెప్పకుండా వెనక్కి పోయాను.

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను. చదువు లేనిదాన్ని, తప్పులుంటే ఏమీ అనుకోకు.

ఇట్లు,
నీ అమ్మ సైమా

తా.క. సంతకం పెట్టేశాను గానీ అసలుది రాయలేదు. ఆర్వోకు తగిలింది నీ తూటా కాదు నాన్నా. మీ నాన్నది.

ఆర్వో పోయిన ఏడు ఆయన తన దుప్పిని మొదటి రోజే కొట్టేశాడు. లైసెన్సుకు ఒక్క దుప్పే, చట్టం ప్రకారం ఇక తుపాకీ మూలన పెట్టాలి. ఇక్కడ ఏ మగవాడు పెట్టాడు గనక? పెళ్ళాం పేరున కూడా లైసెన్సు కొంటారు, కొట్టేది మొగుడు, కొమ్ముకు కట్టే చీటీ మీద పేరు పెళ్ళానిది. అలా నేనూ ఇరవయ్యేళ్ళు వేటగత్తెనే, తుపాకీ పట్టిన పాపాన పోకుండా. నాలుగో రోజు ఆయన నడుం నొప్పి, మంచం దిగనన్నాడు. "ఒక్క దుప్పితో మార్చి దాకా ఏం పెట్టమంటావు, నా చీటీ ఊరికే పోతోంది, లేవయ్యా" అని నేనే లేపి మీ వెంట పంపాను.

పొదల్లో ఆర్వో కదలికను దుప్పి అనుకుని నువ్వూ ఆయనా ఒక్కసారే పేల్చారు. నీ తుపాకీ మోతలో ఆయనది నీకు వినపడలేదు. నీ తూటా చెట్టుమోడులో దిగింది. ఆయన సాయంత్రం మళ్ళీ వెళ్ళి దాన్ని కత్తితో తవ్వి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "వాడికి పదహారేళ్ళు, వాణ్ణెవరూ ఏమీ చెయ్యరు. నన్ను లోపలేస్తే మీకు తిండి ఎవడు తెస్తాడే" అన్నాడు. నేను కాదనలేదు. నా పేరున్న చీటీ పొయ్యిలో వేశాను, తూటా నూతిలో వేశాను. షెరీఫు వస్తే కాఫీ ఇచ్చాను.

ఆ ఏడు ఒక్క దుప్పే మార్చి దాకా సరిపోయింది. తినేవాడు ఒకడు తగ్గాడు కదా.

నిన్న ఎల్మాకు చెప్పాను, నాతో మాట్లాడటం లేదు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి ఐలి ముందే చెప్తాను. నన్ను క్షమించమని అడగను, ఇంటికి రమ్మనీ అడగను. వేళకు తిను నాన్నా. కడుపు నిండా తిను.