బార్లీ దగ్గరికి ఇప్పుడు రావద్దు

మాస్‌బర్న్,
ఏప్రిల్ 9

తమ్ముడు ఫర్గస్‌కు,

మన ఫారాల దుప్పి మాంసం జర్మనీలో అమ్మిపెట్టడానికి ప్రభుత్వం పోస్టరు వేయిస్తోందనీ, మన మగదుప్పి బార్లీ మెడ మీద చెయ్యేసి ఫొటో దిగడానికి గురువారం వస్తున్నాననీ రాశావు. రావద్దు.

ఆ పోస్టరు మాకెంత అవసరమో నాకు తెలుసు. కానీ ఇది మగదుప్పులు మదమెక్కి ఉండే నెల. వెల్లింగ్టన్ ఆఫీసులో కూర్చుని మరిచిపోయినట్టున్నావు. మిగతావి మనిషిని చూస్తే ఇప్పటికీ కాస్త జంకుతాయి. బార్లీ జంకడు. తల్లి చచ్చిన కూనను వంటింట్లో పెట్టుకుని సీసాపాలతో పెంచింది నువ్వే కదా. మనిషంటే భయం వాడికి అప్పుడే పోయింది.

నిన్న మీ బావ మేత వెయ్యడానికి వెళితే బార్లీ ఆయన్ని కంచెకేసి అదిమేశాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. "ఫర్గస్‌కు రాయకు. ఇన్నేళ్లు దుప్పుల్ని పెంచి నేర్చుకుంది ఇదా అని ఏడిపిస్తాడు" అన్నారు. అయినా రాస్తున్నాను.

జూన్‌లో రా. అప్పటికి చల్లబడతాడు. ఎన్ని ఫొటోలైనా దిగు.

"వాడు నా గొంతు గుర్తుపడతాడులే అక్కా" అని రాశావు. గుర్తుపడతాడు. కేక వినగానే పరుగెత్తుకుంటూ వస్తాడు. అందుకే రావద్దంటున్నాను.

నీ అక్క