అమీరు గారి పిల్లి

హిమ్స్ నుంచి

వాసిత్ టంకశాలలో ఉన్న జాబిర్ వాళ్ళ నాన్నకు లుబ్నా సలాములు. అల్లా దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ ఒంట్లో బాగుందని తలుస్తాను.

అత్తయ్య దగ్గు తగ్గిందా అని అడిగారు. నన్ను తిట్టే ఓపిక వచ్చిందంటే తగ్గినట్టేగా. ఇంటి కప్పు మీద మట్టి పూయించాను. మీరు వెళ్ళేముందు ఇక్కడి టంకశాలకి చెక్కి ఇచ్చిన నాణేల సింహం అచ్చు ఎలా పడుతోందని కూడా అడిగారు. దానికి జవాబు రాద్దామని కూర్చుని, లేచి, పొయ్యిలో చితుకులు ఎగదోసి, మళ్ళీ కూర్చున్నాను. మనసు కుదురుగా లేదు.

ఆ అచ్చు సమ్మెట దెబ్బకి పగిలిపోయింది. మన టంకశాల పెద్ద ఇబ్న్ వహ్బ్ ఇంటికొచ్చి, "ఇంకో అచ్చు లేకపోతే చెప్పమ్మా, తబరియ్యా నుంచి వేరేవాణ్ణి పిలిపిస్తా. ఇక మీ ఆయన హుదైజ్ తిరిగొచ్చినా ఇక్కడ చోటుండదు" అన్నాడు. "ఉందండీ, పంపిస్తాను" అనేశాను. ఎక్కడుంది నా మొహం! మీ ఉలి తీసుకుని నేనే చెక్కాను. రాతకి భయపడలేదు. మీ పక్కన కూర్చుని నేను నేర్చిన అక్షరాలనే అచ్చు మీద తిరగేసి చెక్కడమేగా. చిక్కంతా సింహంతోనే. నేనెప్పుడు చూశాను గనక? పొయ్యి పక్కన పడుకున్న మన పిల్లిని చూసి చెక్కి, మెడకి కాస్త జూలు పెట్టాను.

ఆ అచ్చుతో కొట్టిన కొత్త కంచు నాణేలు, ఫల్సులు, సంతకెళ్ళాయి. చేపలమ్మే ఉమ్ హకీమ్ ఒకటి పైకెత్తి, "ఓయమ్మో, అమీరు గారి పిల్లి! నా బుట్ట దగ్గర పెట్టకండర్రా, తినేస్తుంది!" అని అరిచింది. ఊరంతా అదే మాట పట్టుకుంది. అమీరు మండిపడి, చెక్కింది మీరే అనుకుని, మీకు సంకెళ్ళు వేసి లాక్కురమ్మన్నాడట. ఆ మాట నా చెవిన పడింది. ముసుగు సర్దుకుని తిన్నగా ఆయన ముందుకే వెళ్ళాను.

"మా ఆయన తప్పేం లేదయ్యా. నేనే చెక్కాను."

"నువ్వా? సింహాన్ని పిల్లిని చేశావేం?"

"సింహాన్ని చూడలేదయ్యా. చూసిందైతే చెక్కగలను."

"ఏం చూశావేమిటి?"

"ఊరి బయట గెంతే ఎడారి ఎలుకని."

అందరూ పగలబడి నవ్వారు. అమీరు మాత్రం నవ్వకుండా ఇనపముక్క తెప్పించి, అక్కడే చెక్కమన్నాడు. ఒక్క గీత కూడా తప్పలేదు. పొడుగాటి వెనక కాళ్ళు, కుచ్చు తోక. అమీరు దాన్ని మైనం మీద అద్దించి చూసుకుని, "గెంతేటట్టుందే!" అన్నాడు. ఇప్పుడు ఆ ఎలుకే సంతలో తిరుగుతోంది. మీ జోలికి ఎవరూ రారు, మీ చోటు మీకే ఉంది.

బయటికొస్తుంటే ఇబ్న్ వహ్బ్, "హుదైజ్ వచ్చేదాకా రోజూ వచ్చి చెక్కమ్మా" అన్నాడు. అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాను. అసలు చెప్పాల్సింది ఇదే, ఇందాకటి నుంచి దాటేస్తున్నాను. మీరు వస్తారంటే నాకు మొట్టమొదటిసారి సంతోషం కలగలేదు. మీ మీద బెంగ లేక కాదు, రాత్రిళ్ళు మీ వైపు చాప తడుముకుంటూనే ఉన్నాను. కాని ఉలి వదిలి మళ్ళీ ఖాళీ చేతులతో కూర్చోవడం ఇక నావల్ల కాదు.

త్వరగా రండి. వచ్చి టంకశాలలో నా పీట మీంచి నన్ను లేవమనకండి. పక్కనే ఇంకో పీట వేస్తాను.

ఇట్లు,
మీ జాబిర్ తల్లి,
లుబ్నా