నన్ను చూసి నేవీ పెట్టకు

చెల్లె అఖిలా, నేను కులాసా. నేవీ ట్రైనింగులో ఫోన్ ఇవ్వరు, అందుకే ఈ కార్డు.

నిన్న ఈత పరీక్ష! ఎత్తు బోర్డు మీది నుంచి దూకమంటే సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లలే వెనక్కి జరిగారు. నేను నడిగూడెం బాయిని తలుచుకుని దూకేశాను! తేలగానే సార్ "ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా అమ్మ వీపుకు డబ్బా కట్టి బాయిల నూకింది సార్" అన్నాను. అందరూ ఒకటే చప్పట్లు!

నువ్వు మాత్రం నన్ను చూసి నేవీకి దరఖాస్తు పెట్టకు. నీకు మోకాలి లోతు నీళ్ళంటేనే భయం. కానీ బాపు ట్రాక్టర్ మొరాయిస్తే మెకానిక్ వచ్చేలోపే ఇంజన్ విప్పి కూర్చుంటావు. ఎంపీసీ కూడా పాసయ్యావు. ఎయిర్‌ఫోర్స్‌కు పెట్టు, నీ చేతులకు విమానాలే సరి! గడువు దగ్గరపడింది, కార్డు అందగానే సూర్యాపేట వెళ్ళి దరఖాస్తు నింపు. మిర్యాలగూడ అత్త నీ పెళ్ళి మాటెత్తితే నా పేరు చెప్పు.

నాట్లు అయ్యాయా? తెల్లమేక ఈనిందా? బాపుకు దండాలు.

కార్డు తెచ్చే లింగ్యా మామా, ఇచ్చే ముందు ఇంటిల్లిపాదికీ గట్టిగా చదువుతావని తెలుసు. సముద్రం మన సాగర్ కాలువ లెక్కనే ఉంటదని అమ్మకు చెప్పు. అవతలి గట్టు కనపడదన్న ఈ ఒక్క మాట మాత్రం మింగెయ్ మామా.

సుధ