స్మెల్ అనే మాట

శుక్రవారం రాత్రి, పీలమేడు

ఈ పొద్దు మా మిల్లు ఇంజనీరు దొర భార్య, ఆ దొరసాని, శాశ్వతంగా ఇంగ్లండు సీమకు వెళ్ళిపోయింది. పోయేముందు నా భార్య రంగనాయకిని చూడాలని ఇంటికే వచ్చింది. ఇన్నాళ్ళూ మధ్యాహ్నాలు రంగనాయకికి లేసు అల్లడం నేర్పింది ఆమెనే. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ ఎంత నవ్వుకునేవారో!

రంగనాయకి ఆమె చేతులకు చందనం పూసింది. ఆ పొట్టి జుట్టులో ఎట్లాగో మల్లెపూలు నిలబెట్టింది. ఆమె కారెక్కాక కిటికీ దగ్గరకు పోయి, నా దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "మేడం, యూ స్మెల్!" అనింది సంతోషంగా.

దొరసాని మొగం ఎర్రబడింది. తల తిప్పుకుంది. నేను నోరు తెరిచేలోగా కారు కదిలిపోయింది.

"ఏమండీ, ఆయమ్మ మొగం ఎందుకట్లా అయిపోయింది? నేనేమన్నా తప్పుగా అంటినా?"

స్మెల్ అంటే వాసన అని చెప్పింది నేనే. మన ఇంట్లో పూలు వాసనగా ఉన్నాయంటే మంచి వాసనే. ఇంగ్లీషులో మనిషిని చూసి ఆ ఒక్క మాటే అంటే కంపు కొడుతున్నావని అర్థం. వెనక గుడ్ అని చేర్చాలని నేను చెప్పలేదు. నాకు తట్టనేలేదు.

అన్నం తిన్నాక అంతా చెప్పాను. రంగనాయకి లేసు ముక్క చేతిలోకి తీసుకుంది.

"అట్లయితే ఆయమ్మ దారిలో పూలు తీసి పారేసుంటుందా?"

లేదులే అన్నాను. నమ్మినట్టు తలూపింది. నేనే నమ్మలేదు. రంగనాయకి అన్నది మంచి వాసన అనేనని, ఆమె ఓడ ఎక్కేలోగా ఎవరైనా చెబితే బాగుండును...