కాయ తీస్తే మొరిగే కుక్కపిల్ల

పశుసంవర్ధక శాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు, నూజివీడు మామిడి వర్తకుడు పాండురంగారావు సమర్పించుకొను అర్జీ.

విషయం: నా సొంత పమేరియన్ కుక్కపిల్ల నన్నే చూసి మొరుగుచున్నందున, దాని గొంతుకు ఆపరేషన్ చేయించు ఉత్తర్వులు కోరుట గురించి.

అయ్యా,

1. సదరు కుక్కపిల్లను మా అమ్మాయి హరిత ముచ్చటపడగా కొన్నాను. జానెడు కూడా లేదు గాని, పిట్ట కొంచెం కూత ఘనం. దాని గోలకు నిద్ర చెడి, విస్సన్నపేట దారిలోని మా తోటకు పంపాను. అక్కడ కాపలా ఉండే నరసింహులు, రాజ్యలక్ష్మి దంపతులు దాన్ని పెంచారు. పంపడం నా పొరపాటు కాదు. పెంచిన తీరు వాళ్ళ నేరం.

2. కోసిన కాయలు రాశి పోసినచోట దాన్ని కట్టేసి, రాశిలోంచి ఎవరు కాయ తీసి పక్కన పెట్టుకున్నా మొరగమని నేర్పారు. మొరిగినప్పుడల్లా రాజ్యలక్ష్మి దాని గడ్డం నిమిరేదట. కాయలు తెచ్చి పోసేవాళ్ళ జోలికి అది పోదు.

3. హరిత బెంగపెట్టుకుందని దాన్ని తెప్పించి, ఇంట్లో దాని గోల పడలేక, మార్కెట్ యార్డులోని మా కాటా దగ్గర కట్టేశాను. తూకానికి ముందు ప్రతి రైతు రాశిలోంచి మంచి కాయలు కొన్ని మేము పక్కకు తీసుకోవడం మా తాతల నాటి ఆనవాయితీ. దానికి సూటు అని పేరు కూడా ఉన్నది. పేరున్నదాన్ని దొంగతనం అనరు. అయినా నేను వంగి చెయ్యి పెట్టడమేమిటి, ఇది గొంతు చించుకోవడమేమిటి. "కుక్కక్కూడా తెలిసిపోయిందండీ," అన్నాడు ఇన్నయ్య అనే రైతు. యార్డంతా నవ్వింది. మర్నాటి నుంచి సగం లోడ్లు పక్క కాటాకు మళ్ళాయి. ఉన్న ఒక్క సీజనూ ఇలా పోతే నా పరువేం కావాలి, నేనేం కావాలి.

4. నరసింహుల్ని పిలిచి నిలదీయగా, "మీ కాయలు పోకూడదనే కదండీ నేర్పాం," అన్నాడు. ఎదురు చెప్పినందుకు ఆ పూటే ఇద్దర్నీ పాకలోంచి సామానుతో సహా పంపించేశాను. అప్పుడు వాన కురుస్తున్నమాట నిజమే. వానకు నేను బాధ్యుడను కాను.

5. మా ఊరి పశువుల డాక్టర్ యోగిత గారు ఆపరేషన్ చేయనన్నారు. పైపెచ్చు, "మీరు తీయడం మానేస్తే అది మొరగడం మానేస్తుందండీ," అని సలహా ఇచ్చారు. నేను వైద్యం అడిగాను గాని బుద్ధి అడగలేదు.

కావున తమరు కలుగజేసుకుని, సదరు జంతువు నోరు శాశ్వతముగా మూయించి, ఒక గౌరవనీయ వర్తకుని కాపాడవలసినదిగా ప్రార్థన. చిత్తగించవలెను.

తమ శాఖ మీద ఇంకా నమ్మకం చావని విధేయుడు,
పాండురంగారావు

తా.క.: ఇది పోస్టులో వేసేలోపే పని అయిపోయింది. దూడల మూతికి కట్టే చిక్కం చిన్నదిగా అల్లించి, దాని నోటికి బిగించి, రేకుల షెడ్డు పక్కన ఎండలో కట్టేశాను. నాలుక బయట పెట్టే వీలులేక మధ్యాహ్నానికి పడిపోయింది. రాజ్యలక్ష్మికి ఎవరు చెప్పారో గాని, వచ్చి, చిక్కం విప్పి, గడ్డం నిమిరి, కొంగులో చుట్టుకుని తీసుకుపోయింది. నా వైపు చూడలేదు. నా కుక్కను నన్నడగకుండా తీసుకుపోయినందుకు కేసు వేరుగా పెడతాను.

ఈ ఉదయం నిశ్చింతగా ఒక రైతు రాశిలో చెయ్యి పెట్టాను. వెనకనుంచి ఎవరో భౌ అన్నారు. తిరిగి చూస్తే అందరూ నేల చూస్తున్నారు. మళ్ళీ చెయ్యి పెట్టాను. ఈసారి అందరూ మొరిగారు. రైతులు, హమాలీలు, నాకు క్యారేజీ తెచ్చి గేటు దగ్గర నిలబడ్డ మా హరిత.

వీరి గొంతులు తమ శాఖ కిందికి వస్తాయో రావో దయచేసి తెలియజేయగలరు.