గూడ్సు పెట్టెకు బొట్టు

ప్రొద్దుటూరు,
శుక్రవారం.

అన్న పాదాలకు చెల్లెలు ఓబులమ్మ దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, నా కూతురు రమణ, నా అల్లుడు, నీ కొడుకు గంగాధర ఒంటి మట్టుకు బాగానే ఉన్నాము. మీరెట్లా ఉన్నారో అని పొద్దున లేస్తే అదే ధ్యాస. వదిన మోకాలికి నూనె రాస్తోందా? వేముల పక్క వాన పడిందని బస్టాండులో ఎవరో అంటుంటే విన్నాను. మన మిద్దె కారలేదు కదా? ఎర్రావు ఈనిందా?

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. నువ్వు ఫోను మాట్లాడితే వీధి మొత్తానికి వినపడేట్టు పెట్టి మాట్లాడతావు. ఇక్కడేమో ఒకే గది, దాని వెనక వంటిల్లు. నేను గొంతు తగ్గించినా రమణ వింటుంది. అందుకని రాస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో. గట్టిగా మాత్రం చదవవద్దు.

బోరు ఎండిపోయి, చీనీ చెట్లు కొట్టించి, నేను ఇక్కడికొచ్చి ఏడాది కావస్తోంది. ఇంకా కాలు నిలవలేదు. ఎండ గోడల్లో దూరి రాత్రి కూడా బయటికి పోదు. నీళ్లు ఉప్పు. రమణ సంగటి చేసి పెడుతుంది, పాపం, కానీ ఆ పిండికి మన రాగుల వాసన లేదు. తోచకపోతే గడపలో కూర్చుంటాను. ఎదురింటి కంసాలి ఆకురాయి పెట్టి రుద్దుతూనే ఉంటాడు, ఆ చప్పుడే నాకు తోడు. మనసులో మాత్రం ఒకటే గుబులు. కూతురింట్లో కూర్చుని తినేదాన్ని, వీళ్లకు నా వల్ల ఏ చెడుపూ రాకూడదని. అదే వచ్చింది అన్నా.

నీ కొడుకు పని సంగతి నీకు విడమరిచి చెప్పాలి. ఉగాదికి వచ్చినప్పుడు నువ్వు గడపలోనే నిలబడి, "మీసాలొచ్చిన మగోడు బొమ్మలు చేసుకుంటా కూసుంటే కొంప జరుగుతాదా?" అని, కాఫీ కూడా తాగకుండా పోయావు. నేను కూడా మొదట అట్లాగే అనుకున్నాను. అంగళ్లకు బోర్డులు రాసి బతికినవాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఎవరూ పిలవక, కుంచెలన్నీ నూనె డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించాడు. ఆ తర్వాత బెంగుళూరులో ఒక సారు, రిటైరైన ఇంజనీరు, తన మేడమీద చిన్న పట్టాలు వేసి చిన్న రైలు నడుపుకుంటాడట, ఆయన ఈ పని ఇచ్చాడు. గూడ్సు పెట్టెలు. ఒక్కొక్కటి నా అరచేతిలో పడుతుంది. ముక్కలన్నీ అట్టపెట్టెలో వస్తాయి. బ్లేడుతో కోసి, ఆకురాయితో నున్నగా చేసి, జిగురుతో అతికించాలి. ఆ జిగురు వాసనకు నాకు తల తిరుగుతుంది, వాడి ఊపిరితిత్తులు ఏమవుతాయో అని అదొక దిగులు. చక్రాలు, నిచ్చెన, వెంట్రుకంత గొట్టాలు, అన్నీ ఉంటాయి.

అన్నిటికన్నా కష్టం రాత. పెట్టె నంబరు, ఖాళీ బరువు, ఎంత సరుకు ఎత్తవచ్చు, మళ్లీ రిపేరుకు ఎప్పుడు రావాలి, అన్నీ ఆవగింజంత తెల్ల అక్షరాల్లో ఉండాలి. "ఇంత రాత లేకుంటే నిజం గూడ్సు పెట్టె స్టేషను దాటదత్తా" అన్నాడు గంగాధర. ఆ అక్షరాలు పరదేశం నుంచి కాగితం మీద అచ్చై వస్తాయి. కాగితాన్ని గిన్నెలో నీళ్లలో ముంచితే అక్షరం మీగడలాగా తేలుతుంది. దాన్ని కుంచెతో పెట్టె మీదికి జరపాలి. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. అక్కడే వచ్చింది ముప్పు.

దసరాకు ఆయుధపూజ కదా. కత్తెర, బ్లేడు, ముక్కలు పట్టుకునే చిమటా, రంగు కొట్టే మిషను, రాత అంటించిన పెట్టెలు అన్నీ పీట మీద పేర్చాము. గంగాధర గుమ్మడికాయకని బజారుకు పోయాడు. మన ఇంట్లో నాగలికైనా కొడవలికైనా తడిగుడ్డతో తుడవకుండా ఎప్పుడు బొట్టు పెట్టాము? అట్లాగే ఒక్కొక్క పెట్టెనూ ఒళ్లో పెట్టుకుని తుడిచాను. దుమ్ము పోయి భలే మెరిశాయి. విభూతి రాసి, పసుపు, కుంకుమ పెట్టాను. నా కళ్లకు ఆ అక్షరాలు ఉన్నదీ లేనిదీ తెలియలేదు అన్నా.

వాడొచ్చి ఒక పెట్టె చేతికి తీసుకున్నాడు.

"ఎవురు తుడిచినారు?"

"నేనే నాయనా. దుమ్ము ఉండె."

"తడిగుడ్డతోనా?"

"నువ్వు నీళ్లలో ముంచే గదా అంటించింది? నీళ్లకు ఏమైతాది?"

"అంటించేటప్పుడు కావల్లత్తా నీళ్లు. పైన పూత కొట్టేదాకా మళ్లీ తగలగూడదు. రేపు కొడదామనుకున్యా."

అంతే. ఒక్క మాట అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నా ఒళ్లోని గుడ్డకు తెల్లగా పొట్టులాగా అంటుకుని ఉంది, అదే రాత. రమణ మాత్రం, "యాందమ్మా నువ్వు, చెయ్యి ఊరకుండదా?" అని, తర్వాత తనే ఏడ్చింది.

ఆ కాగితాలు మళ్లీ రావాలంటే దీపావళి దాటిపోతుందట. దీపావళికి సారు ఇంటికి ఆయన స్నేహితులు వస్తారు, అప్పటికి బండి నడవాలి. ఇది సరిగ్గా ఇస్తే వాళ్లు కూడా పని ఇస్తారని గంగాధర ఎదురుచూశాడు. సారు ఫోనులో, "మీరు బోర్డులు రాసేవారు కదా, చేత్తో రాయలేరా?" అని అడిగాడు. "ఆ సైజు నా చేతగాదు సార్" అన్నాడు మీ వాడు.

మర్నాడే నీకు ఫోను చేశాడు. "నాయనా, నా పాస్‌పోర్టు ట్రంకులో ఉండాది సూడు, పులివెందుల బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపు. కువైటుకు పోతా" అన్నాడు. నువ్వు, "ఇప్పుడొచ్చింది రా నీకు బుద్ధి! సోమవారం పంపుతా" అన్నావు. నీ గొంతు వంటింట్లోకి వినిపించింది. రమణ పొయ్యి ఆర్పేసింది.

కువైటు సంగతి నాకు తెలియదనుకోవద్దు. పక్కింటి ఖాసింబీ మొగుడు అక్కడే ఉన్నాడు. ఆమె మధ్యాహ్నం ఫోనును ఉప్పు జాడీకి ఆనించి, దానికి ఎదురుగా కూర్చుని అన్నం తింటుంది. "మామా, పప్పులో ఉప్పు ఎక్కువైంది" అని ఫోనుతో చెప్తుంది. నవ్వుతూనే చెప్తుంది. నా కూతురు అట్లా ఫోనుకు ఎదురుగా కూర్చుని తినడం నేను చూడలేను. అదీ నేను తుడిచిన తుడుపుకు.

ఆ సాయంత్రం రమణే అటక ఎక్కి కుంచెలున్న నూనె డబ్బా దించింది. "ఏందిది?" అన్నాడు. "కువైటులో గోడలకు రంగు కొట్టేదానికి పనికొస్తాయిలే, తీసుకపో" అని ముందర పెట్టింది. వాడికి కోపం వచ్చింది. కోపంతోనే ఒక కుంచె తీసి, వెంట్రుకలన్నీ కోసేసి రెండో మూడో మిగిల్చి, భూతద్దం కింద పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి రాత లావుగా వచ్చింది, తుడిచేశాడు. మళ్లీ రాశాడు, తుడిచాడు. మొన్న ఒక పెట్టె మీద రాత మొత్తం నిలిచింది. రమణ భూతద్దంలో చూసి, "మన పెండ్లప్పుడు గోడ మీద నా పేరు రాసినావే, దానికంటే బాగుండాది మామా" అంది. వాడు నవ్వలేదు కానీ రెండో పెట్టె అందుకున్నాడు.

ఇంకా శానా పెట్టెలున్నాయి. అయ్యేనో కాదో. సారు ఒప్పుకుంటాడో లేదో. "ఇవి ఇచ్చేసి పోతా" అనే అంటున్నాడు. అందుకే ఈ ఉత్తరం రాసి, నువ్వు పాస్‌పోర్టు ఇస్తానన్న ఆ డ్రైవరు చేతికే ఇస్తున్నాను.

నీకు ఎదురు చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. ఇప్పుడూ లేదు. ఒకటే అడుగుతున్నాను. ఆ పాస్‌పోర్టు డ్రైవరుకు ఇవ్వవద్దు. నువ్వే తీసుకుని రా. వచ్చేటప్పుడు రాగిపిండి కొంచెం తీసుకురా, వదిన ఓపిక ఉంటే విసిరిస్తుంది. ఈసారి గడప దాటి లోపలికొచ్చి వాడి పక్కన కూర్చో. వాడు రాసేటప్పుడు ఊపిరి బిగబడతాడు, చిన్నప్పుడు పలక మీద దిద్దేటప్పుడు బిగబట్టినట్టే. అది చూడు.

నిన్న ఆ మొదటి పెట్టెకు పూత కొట్టి, ఆరినాక నా దగ్గరికి తెచ్చాడు. "ఇప్పుడు పెట్టత్తా బొట్టు, ఏం గాదు" అన్నాడు. కుంకుమ వేలికి అద్దుకున్నాను కానీ చెయ్యి ముందుకు పోలేదు. వేలు కొంగుకు తుడుచుకున్నాను. వాడు ఆ పెట్టెను దేవుని గూట్లో పెట్టాడు, బొట్టు లేకుండా అట్లాగే ఉంది.

వదినకు నా దండాలు చెప్పు, నా మీద మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పు. ఇంటికి పెద్దవాడివి. నీ దీవెన ఈసారి నాకు వద్దు, వాడి కోసం దాచిపెట్టుకుని తీసుకుని రా. ఆ పెట్టెకు బొట్టు నువ్వు పెట్టు. పెట్టిన తర్వాత కూడా ఇవ్వాలనిపిస్తే, పాస్‌పోర్టు నీ చేత్తోనే వాడికివ్వు. నేను అడ్డం రాను.

నీ చెల్లెలు
ఓబులమ్మ